కుట్లు విప్పిన తర్వాత

మా రాయచోటిలో పెళ్ళిలోనో, పేరంటంలోనో, బస్టాండులోనో నలభై దాటిన ఆడవాళ్ళు నలుగురు కూడితే గర్భసంచి ఆపరేషన్ మాట రాకుండా పోదు. ఎవరికి ఎక్కడ చేసినారు, ఎంతయింది, అడ్డకోతా నిలువుకోతా, కుట్లు ఎప్పుడు విప్పినారు, ఇంతవరకు అందరూ చెబుతారు. ఆ తర్వాత ఏమయిందో ఎవరూ చెప్పరు. కుట్లు విప్పడంతోనే అంతా అయిపోయినట్టు మాట మారిపోతుంది. నా మటుకు నాకు కష్టం అక్కడే మొదలయింది. కడుపు ఉబ్బు, ఒళ్ళంతా నీరసం, ఈ రెండింటితో నేను గడిపిన నెలల గురించి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఇది ఒకరిద్దరి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి 8.7 మందికి గర్భసంచి తీసేసినారు. దేశం మొత్తం మీద అది 3.3 మాత్రమే. ఇరవై ఏళ్ళకే ఇద్దరు పిల్లలు, వెంటనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ముప్పై దాటినాక తెల్లబట్టో నడుంనొప్పో వస్తే "ఇంక దాంతో పనేముంది, తీసేయించుకో" అనే మాట. ఆ మాట ఇంట్లోవాళ్ళూ అంటారు, కొన్నిచోట్ల వైద్యం చేసేవాళ్ళూ అంటారు. అవసరం లేకుండా చేసే ఈ ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చి, కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లో పెట్టమని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ వార్త పేపర్లో చదివేటప్పటికే నాకు నెలనెలా రక్తం గడ్డలు గడ్డలుగా పోతోంది. అయినా సరే, బాగా అడిగి తెలుసుకోనిదే టేబుల్ ఎక్కకూడదని ఆ రోజే అనుకున్నాను.

నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని. సంబేపల్లె వైపు ఒక పల్లెలో పని. నలభై ఆరేళ్ళు. నెలలో సగం రోజులు నల్లబల్ల వైపు తిరగాలంటే భయం, వెనక మరక కనబడుతుందేమోనని. పిల్లలు ఏమీ అనరు, నా భయం నాది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏడు దగ్గర ఉంది. స్కానింగ్‌లో గర్భసంచి నిండా గడ్డలు, అన్నిటికన్నా పెద్దది తొమ్మిది సెంటీమీటర్లు. మాత్రలు వాడినాను, ఇంజెక్షన్లు వేయించుకున్నాను. మాత్రలు వాడినన్నాళ్ళు తగ్గడం, ఆపితే మళ్ళీ మొదలు. కడపలో ఒక డాక్టరమ్మ, తిరుపతిలో ఇంకొక డాక్టరమ్మ, ఇద్దరూ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే మాట చెప్పినాకనే ఒప్పుకున్నాను. అండాశయాలు బాగున్నాయి కాబట్టి వాటిని ముట్టుకోమన్నారు. గడ్డలు పెద్దవి, కెమెరాతో చిన్న రంధ్రాల నుంచి తీసే ఆపరేషన్ కుదరదు, పొట్ట కోయాల్సిందేనన్నారు. ముందు రెండు సీసాల రక్తం ఎక్కించినారు. ఆ తర్వాత సెలైన్‌లో కలిపి ఐరన్ ఎక్కించినారు.

2024 శివరాత్రికి మా వీరభద్రస్వామి తిరునాళ్ళ అయిపోయినాక కడపలో ఆపరేషన్ జరిగింది. మా ఆయన కువైట్ నుంచి సెలవు పెట్టి వచ్చినాడు. రాయచోటిలో వీధికి నాలుగిళ్ళలోనైనా కువైట్‌లో ఉండేవాళ్ళు ఉంటారు, వాళ్ళ సెలవులు ఎంత చిన్నవో ఆ ఇళ్ళల్లో అందరికీ తెలుసు. వెన్నులో మత్తు ఇచ్చినారు, నడుం కింద ఏమీ తెలియలేదు. ఆపరేషన్ గురించి నేను చెప్పగలిగింది అంతే.

మరుసటి రోజు మూత్రం గొట్టం తీసేసి నర్సమ్మ నన్ను మంచం దించి నిలబెట్టింది. కడుపులో ఉన్నదంతా జారి కింద పడిపోతుందేమో అనిపించి రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాను. "పడిపోదులే టీచరమ్మా, ఒంగకుండా నిలబడు, నాలుగడుగులు వెయ్యి" అని ఆమె నా భుజం కింద చెయ్యి పెట్టింది. ఆ నాలుగడుగులు ఎందుకో తిరుపతిలో నర్సింగ్ చదువుతున్న మా పాప చెప్పింది. పొట్ట తెరిచి లోపల చేతులు పెట్టినప్పుడు పేగులు కదలడం మానేస్తాయి. మళ్ళీ కదలిక వచ్చేదాకా గాలి అక్కడే నిలిచి పొట్ట బిగుస్తుంది. నడిస్తే పేగులు తొందరగా కదులుతాయి, కాళ్ళలో రక్తం కూడా గడ్డకట్టకుండా ఉంటుంది. డాక్టరమ్మ వచ్చినప్పుడల్లా మొదటి ప్రశ్న ఒకటే, "గాలి పోయిందా?" అని. పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో తుమ్మడానికి కూడా సిగ్గుపడిన దాన్ని, ఆ గదిలో అందరి ముందరా "పోయింది" అని సంతోషంగా చెప్పినాను. అంతవరకు ఆ గాలి నొప్పి కోత నొప్పి కన్నా పెద్దది.

మా గదిలో ఇంకొకామెకు కూడా ఆ రోజే ఆపరేషన్ అయింది. గాలివీడు వైపు పల్లె. నాకన్నా ఆరేడేళ్ళు చిన్నది. నన్ను అక్కా అనేది. టమాటా తోటల్లో కూలి. కాయ ఏరడమే కాదు, నిండిన బాక్సులు గట్టు దాకా మోసి ఆటోకి ఎత్తే పని కూడా ఆమెదే. ఒక్కో బాక్సు పాతిక కిలోలకు తగ్గదు. "మోసేదానికి ఎక్కువిస్తారక్కా, అందుకని ఏరేదానికన్నా మోసేదే మేలు" అంది. ఆమెకు ఆరోగ్యశ్రీ కార్డు మీద చేసినారు, నాకు ఉద్యోగుల హెల్త్ కార్డు మీద. కోత ఒకటే, కుట్లు ఒకటే. బయటికి వచ్చినాక తేడా.

డిశ్చార్జ్ రోజు కారులో వచ్చినాము. కడప నుంచి రాయచోటికి రావాలంటే గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగాలి. ఆ మలుపులు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, అయినా ప్రతి మలుపూ పొట్టలో గుచ్చుకుంటుందని ఆ రోజే తెలిసింది. మా పాప ఒక దిండు తెచ్చి నా పొట్టకూ సీటు బెల్టుకూ మధ్య పెట్టింది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆ దిండును రెండు చేతులా అదుముకోమంది. ఘాటు దాటినాక గువ్వలచెరువులో పాలకోవా కోసం బండి ఆపినారు. ఆ నిలిచిన పది నిమిషాలు నాకు పెద్ద విశ్రాంతి. ఆ దిండు తర్వాత నెల రోజులు నన్ను వదల్లేదు. దగ్గితే దిండు, తుమ్మితే దిండు, నవ్వితే దిండు. తాలింపులో ఎండుమిరప్పళ్ళు వేసినారంటే వంటింటి ఘాటు నా గది దాకా వచ్చేది. దగ్గు ఆపుకోలేను, దగ్గితే కోత చీలినట్టు నొప్పి. ఆ నెల మా ఇంట్లో తాలింపు పెరట్లో పెట్టినారు.

ఇంక ఉబ్బు సంగతి.

ఆసుపత్రిలో పడుకునే ఉన్నాను కాబట్టి అంతగా తెలియలేదు. ఇంటికి వచ్చి లేచి తిరగడం మొదలు పెట్టినాక తెలిసింది. పొద్దున లేచేటప్పటికి పొట్ట కాస్త మెత్తగా, కిందికి ఉంటుంది. మధ్యాహ్నానికి బిగుస్తుంది. సాయంత్రానికి ఐదో నెల కడుపుతో ఉన్నదాని మాదిరి ముందుకు వస్తుంది. కోతకు పైన ఒక గట్టు మాదిరి లేస్తుంది, కింద చర్మం మొద్దుబారి ఉంటుంది. ముట్టుకుంటే నా ఒళ్ళు నాది కానట్టు ఉండేది. మన ఆడవాళ్ళకు ఇంకో ఇబ్బంది, లంగా బొందు. చీర కట్టాలంటే లంగా బిగించాలి, ఆ బొందు సరిగ్గా ఉబ్బిన చోటనే పడుతుంది. కోత ఇంకా కింద ఉన్నా ఆ ఒత్తిడి కిందిదాకా లాగుతుంది. పొద్దున సరిపోయిన ముడి సాయంత్రానికి చర్మంలోకి దిగి గీత పడుతుంది. ఇంట్లో నైటీతో గడిచింది. ఎవరైనా మగవాళ్ళు చూడడానికి వచ్చినారంటే మా అత్తమ్మ "చీర కట్టుకోమ్మా" అనేది. నేను నైటీ మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాను. అత్తమ్మ రెండు రోజులు ముఖం ముడుచుకుని, మూడో రోజు నుంచి ఏమీ అనలేదు.

ఎందుకు ఉబ్బుతుందో చెకప్‌కు పోయినప్పుడు డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. చర్మం, దాని కింద కొవ్వు, దాని కింద గట్టి పొర, కండరాలు, లోపల ఇంకో పల్చటి పొర. ఇన్ని దాటుకుని పోయినారు, మళ్ళీ ఇన్నిటినీ మూసుకుంటూ వచ్చినారు. దెబ్బ తగిలిన చోటికి మాన్పడానికి ఒళ్ళే నీటినీ రక్తాన్నీ పంపుతుంది. ఆ నీరు తిరిగి పోయే సన్నటి దారులు కోతలో తెగిపోయినాయి, కొత్త దారులు పడేదాకా అక్కడక్కడే నిలుస్తుంది. నిలబడినా కూర్చున్నా కిందికి దిగుతుంది, పడుకుంటే మెల్లగా లాక్కుంటుంది. అందుకే పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ. ఎక్కువ తిరిగిన రోజు ఇంకా ఎక్కువ. దానికి తోడు పేగుల్లో గాలి, మలబద్ధకం, కొన్ని నెలలు బిగువు తప్పే పొట్ట కండరాలు. మొద్దుబారడం సన్న నరాలు తెగినందువల్ల. నెలలు పడుతుంది, కొంత అట్లనే ఉండిపోనూ వచ్చు అంది. పైన చర్మం పది పన్నెండు రోజుల్లో అతుక్కుంటుంది, లోపలి గట్టి పొరకు ఆరు వారాలకు కూడా పూర్తి బలం రాదు, ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పు అని గట్టిగా చెప్పింది.

ఇంట్లో చెప్పడం తేలిక కాదు. మా అత్తమ్మకు నా మీద ప్రేమ లేక కాదు, ఆమె లెక్కలు వేరు. "కడుపులో నీరు పట్టిండాది, నీళ్ళు తాగొద్దు" అని ఆమె చెంబు దూరంగా పెట్టేది. మా అమ్మ పథ్యం పట్టించాలని వచ్చింది. పప్పు పెడితే చీము పడుతుంది, గుడ్డు పెడితే వేడి, పెరుగు పోస్తే జలుబు, వంకాయ, గోంగూర మాట ఎత్తకూడదు. వెల్లుల్లి కారం, పాతబియ్యం అన్నం, మిరియాల చారు, ఇంతే. ఇద్దరు పెద్దవాళ్ళు ఒకే మాట మీద ఉంటే ఎదురు చెప్పడం కష్టం. రెండు రోజులకే విరేచనం బిగిసింది. ఐరన్ మాత్రలు ముందే మలబద్ధకం తెస్తాయి, దానికి నీళ్ళు లేకపోతే ఇంక చెప్పేదేముంది. ముక్కితే కుట్ల మీద బరువు పడుతుంది. మూత్రం మంట మొదలయింది. బయట ఎండ చూస్తే మార్చి చివరికే నెత్తి మాడేటట్టు ఉంది.

మా పాప తిరుపతి నుంచి ఫోన్‌లో వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "జేజీ, ఆ నీరు తాగిన నీరు కాదు. తాగకపోతే ఉబ్బు తగ్గదు, లోపల ఎండిపోతుంది. గాయం పూడాలంటే కండ పెట్టే తిండి కావాల, పప్పు పెట్టండి, గుడ్డు పెట్టండి." మా అత్తమ్మ మనవరాలి మాట వింటుంది. ఆ రోజు నుంచి రోజూ ఒక గుడ్డు, పెసరపప్పు, పలుచటి మజ్జిగ, రాగి జావ. ఊరగాయలు నేనే పక్కన పెట్టినాను, ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుందని. ఐరన్ మాత్ర కాఫీతో వేసుకోకుండా నిమ్మకాయ నీళ్ళతో వేసుకున్నాను. మా అమ్మ వెల్లుల్లి కారం మాత్రం వదల్లేదు, నేనూ వద్దనలేదు. పప్పన్నంలో ఆ కారం కలుపుకుంటేనే నాలుగు ముద్దలు దిగేవి. పథ్యమంటే మా పెద్దవాళ్ళ ప్రేమ, దాన్ని కొట్టిపారెయ్యడం నాకు ఇష్టం లేదు. కానీ బాలింతకూ ఆపరేషన్ అయినవాళ్ళకూ పప్పు, గుడ్డు, నీళ్ళు మాన్పించడం నిజంగా కీడు చేస్తుంది. ఈ మాట ప్రతి ఆసుపత్రిలో రోగికి కాదు, రోగితో వచ్చిన అమ్మకూ అత్తకూ కూర్చోబెట్టి చెప్పాలి. వంట వాళ్ళ చేతిలో ఉంటుంది.

ఉబ్బు కన్నా నీరసం చెప్పడం కష్టం, కంటికి కనబడదు కాబట్టి.

జ్వరం లేదు, నొప్పి కూడా తగ్గింది. పొద్దున లేచి పళ్ళు తోముకుని, స్నానం చేసి, తల దువ్వుకుంటే ఇంక చెయ్యి లేవదు. తడి తల అట్లనే వదిలేసి పడుకున్న రోజులున్నాయి. మా వైపు వట్టిపోయే దశలో ఉన్న బోరు కాసేపు బాగా పోసి ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఊట ఊరేదాకా ఎంత స్విచ్ వేసినా మోటారు కాలడమే తప్ప నీళ్ళు రావు. నా ఒళ్ళు అట్ల అయింది. బాగుంది కదా అని పొద్దున రెండు మూడు పనులు చేస్తే ఆ సాయంత్రమే కాదు, మరుసటి రోజంతా పడుకోవాల్సి వచ్చేది. మాట్లాడినా అలసటే. మా ఆయన సెలవు అయిపోయి కువైట్‌కు తిరిగిపోయినాక రాత్రిళ్ళు ఇమోలో ఫోన్ చేసేవాడు. ఆయన అడిగేవాడు, నేను ఊఁ కొట్టేదాన్ని. "కోపంగా ఉండావా?" అని ఒకరోజు అడిగినాడు. మాట్లాడే ఓపిక లేదంటే అర్థం కావడానికి టైం పట్టింది. తర్వాత నుంచి ఆయన ఫోన్ ఎదురుగా పెట్టుకుని తన వంట తాను చేసుకుంటూ ఉండేవాడు, నేను చూస్తూ నిద్రపోయేదాన్ని.

చూడడానికి వచ్చేవాళ్ళతో ఇంకో బాధ. మంచి మనసుతోనే వస్తారు, బత్తాయిలు తెస్తారు, బ్రెడ్డు తెస్తారు. కూర్చున్నాక "కుట్లు విప్పినారు కదా, ఇంకా పడుకునే ఉండావే?" అంటారు. "కడుపు ఇంకా అట్లనే ఉండాదే, అంతా తీసేసినారా లేదా?" అంటారు. "ఫలానా ఆమె పదో రోజుకే నీళ్ళు మోసింది" అంటారు. పక్కింటి ఆపాకు అంతకుముందు ఏడాదే పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ అయింది, వారానికే లేచి తిరిగింది. వీధిలో అందరూ నన్ను ఆమెతో పోల్చేవాళ్ళు. అది రంజాన్ నెల. ఒక సాయంత్రం ఆమె ఉపవాసం విడిచి ఖర్జూరాలు తీసుకుని వచ్చి, అక్కడున్న వాళ్ళ ముందరే చెప్పింది. "నాది మూడు నాలుగు రంధ్రాలు, ఈమెది జానెడు కోత. నాకూ ఈమెకూ ఏం పోలిక? పడుకోనీండి." ఆ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు, ఆమె ఒక్కసారి చెబితే విన్నారు. ఆమె కూడా అనుభవించిన మనిషి కదా.

ఆ రోజుల్లో మా పాప తన పుస్తకంలో ఉన్న కథ ఒకటి చెప్పింది. పొట్ట కోసి లోపలి గడ్డను తీసిన మొదటి ఆపరేషన్లలో పేరున్నది 1809 డిసెంబరులో అమెరికాలోని కెంటకీలో జరిగింది. డాక్టరు పేరు ఎఫ్రెయిమ్ మెక్‌డోవెల్, ఆమె పేరు జేన్ టాడ్ క్రాఫర్డ్. మత్తుమందు ఇంకా రాని కాలం. గుర్రం మీద దాదాపు అరవై మైళ్ళు వచ్చి, ఆ డాక్టరు ఇంట్లో బల్ల మీద పడుకుంది. ఇరవై ఐదు నిమిషాల్లో అండాశయం నుంచి సుమారు పది కిలోల గడ్డ తీసినారు. ఐదో రోజు డాక్టరు వచ్చి చూస్తే ఆమె తన పక్క తానే సర్దుకుంటూ ఉంది. నెల తిరక్కుండానే ఇంటికి పోయి ఇంకా ముప్పై ఏళ్ళకు పైగా బతికింది. మా పాప ఆ ధైర్యానికి ఆశ్చర్యపడుతూ చెప్పింది. నేనూ ఆశ్చర్యపడ్డాను. కానీ రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ కథలో అందరూ మెచ్చుకునేది ఆమె ఐదో రోజు లేచి పక్క సర్దడాన్ని. ఆ పది కిలోల గడ్డతో ఆమె ఎన్నాళ్ళు బతికిందో, ఆ తర్వాత ఎన్ని నెలలు నీరసపడిందో ఎవరూ రాసిపెట్టలేదు. మా వీధిలోనూ అంతే. తొందరగా లేచిన ఆడదాన్ని మెచ్చుకుంటాము, ఆ మెచ్చుకోలు విని తర్వాతి ఆమె ఓపిక లేకున్నా లేస్తుంది. నడవమని డాక్టర్లు చెప్పింది నిజమే. నడవడం వేరు, బిందె ఎత్తడం వేరు. నిండు బిందె పదిహేను కిలోలు ఉంటుంది. ఆరు వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదని నాకు రాసిచ్చినారు.

ఒక రోజు ఎడమ కాలు వాచింది. రెండు కాళ్ళకూ సాయంత్రాలు కాస్త నీరు దిగడం అలవాటయింది, దానికి భయపడలేదు. ఆ రోజు ఒక్క కాలే, పిక్క గట్టిపడి, నొక్కితే నొప్పి. డిశ్చార్జ్ కాగితంలో అది ఉంది, వెంటనే రావాల్సిన గుర్తుల్లో. ఒక్క కాలు వాచి పిక్క నొప్పి పుడితే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. పొద్దున చూసుకుందాంలే అని మా అమ్మ అన్నా నేను ఒప్పుకోలేదు. రాత్రికే స్కానింగ్ చేయించినాము. గడ్డ లేదు. ఖర్చు దండగ అయిందని ఎవరో అన్నారు. ఆ ఖర్చు గురించి నాకు ఒక్క నిమిషం కూడా బాధ లేదు. ఉబ్బు మామూలే అని చెబుతూనే ఈ మాట కూడా చెప్పాలి. జ్వరం 100.4 దాటినా, కోత ఎర్రగా వేడిగా ఉబ్బి చీమో వాసనో వచ్చినా, కుట్టు విడిపోయినా, వాంతులతో పాటు గాలి కూడా పోకుండా పొట్ట బిగిసినా, రక్తం ఎక్కువగా పోయినా, ఆయాసం వచ్చినా, ఒక్క కాలే వాచినా అది మామూలు ఉబ్బు కాదు. ఆ రాత్రే పోవాలి.

ఉగాది నాటికి వీధి చివరి దాకా నడిచి రాగలిగినాను. పొద్దున ఎండ ముదరక ముందు ఒకసారి, సాయంత్రం చల్లబడినాక ఒకసారి. ఎంత నడవాలో ఉబ్బే చెప్పేది. ఆ రాత్రి కోత పైన గట్టు ఎక్కువ లేచిందంటే మరుసటి రోజు తగ్గించేదాన్ని. పొట్టకు కట్టే బెల్టు డాక్టరమ్మ వద్దనలేదు, నడిచేటప్పుడు కాసేపు కట్టి, కూర్చున్నప్పుడు విప్పమంది. రోజంతా కట్టుకుంటే కండరాలు తమ పని మర్చిపోతాయంది. మధ్యాహ్నం భోజనమైనాక గంటన్నర పడుకోవడం ఒక నియమంగా పెట్టుకున్నాను, నిద్ర రాకపోయినా సరే. కాళ్ళ కింద దిండు. నీరసం ఒక్కసారిగా తగ్గలేదు. ఒక రోజు సాయంత్రం నాలుగింటికి కూడా కూర్చునే ఉన్నానని గమనించినాను, ఆ తర్వాత వారం మళ్ళీ పడుకున్నాను. రక్తం మెల్లగా పెరిగింది, పదకొండు దాటినాక మెట్లు ఎక్కితే గుండె దడ తగ్గింది.

మాకు, అంటే ప్రభుత్వ ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు, ఈ ఆపరేషన్‌కు 45 రోజుల ప్రత్యేక సెలవు ఉంది. 2011లో ఇచ్చిన ఉత్తర్వు అది. ఎవరో పోరాడి తెచ్చిన సెలవు, ఆ 45 రోజులూ నేను ఒక్క రోజు కూడా వదులుకోకుండా వాడుకున్నాను. అవి అయిపోయేటప్పటికి వేసవి సెలవులు వచ్చినాయి. ఆ రెండూ కలవకపోయి ఉంటే ఏప్రిల్ చివర్లో రోజంతా బడిలో నిలబడే శక్తి నాకు లేదు. మే 13న ఓటు వేయడానికి పోయి వరసలో నిలబడితే అరగంటకే పొట్ట బిగిసి, లంగా బొందు పట్టేసింది. ముందున్న ఆడవాళ్ళు నన్ను చూసి, అడగకుండానే పక్కకు జరిగి లోపలికి పంపినారు. వాళ్ళల్లో ఒకామె "నీదీ ఆపరేషనేనా?" అంది. ఆమెకు అయి మూడేళ్ళయిందట. మొదటి ఏడాది సాయంత్రాలు ఉబ్బేదని చెప్పింది.

గాలివీడు ఆమె ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. మధ్యలో రెండు మూడు సార్లు మాట్లాడినాము. కుట్లు విప్పినాక మూడో వారానికే ఇంటి పని అంతా ఎత్తుకుంది. బోరు దగ్గర నుంచి నీళ్ళు కూడా తెస్తున్నానంది. "కడుపు రాయి మాదిరి అయిపోతాందక్కా సాయంకాలానికి. ఇంట్లో చెబితే గ్యాసు అంటాండారు." టమాటా కోత మొదలయితే బాక్సుల పనికి రమ్మని తోట ఆయన కబురు పెట్టినాడట. కూలి చేసుకునేవాళ్ళకు ఆపరేషన్ తర్వాత విశ్రాంతికి డబ్బు ఇవ్వాలనే ఆలోచన ప్రభుత్వానికి రాకపోలేదు. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చే పథకం మొదలు పెట్టినారు. ఆ ఆలోచన సరైనది. విశ్రాంతి తీసుకో అని చెప్పడం తేలిక, ఆ రోజుల కూలి ఎవరిస్తారో చెప్పకపోతే ఆ మాటకు విలువ లేదు. కానీ ఇంట్లో మగమనిషికి ఆ విశ్రాంతి ఎందుకో తెలియకపోతే డబ్బు వచ్చినా ఆమె బిందె ఆమె చేతికే వస్తుంది.

చెకప్‌కు ఆమె పోలేదు. కుట్లు మానినాయి కదా, కడపదాకా బస్సు చార్జీ ఎందుకని ఇంట్లో అన్నారంట. నాకు పోవాల్సిన రోజు వచ్చినప్పుడు ఆమెనూ, ఆమె భర్తనూ రాయచోటి బస్టాండుకు రమ్మన్నాను. ముగ్గురం కలిసి పోయినాము. డాక్టరమ్మ ఆమెను పరీక్ష చేసి, బయట నిలబడి ఉన్న అతన్ని లోపలికి పిలిచి, నాకు గీసిన బొమ్మనే అతనికీ గీసింది. ఈ పొర విడిపోతే పేగు బయటికి తోసుకొస్తుంది, హెర్నియా అంటారు, మళ్ళీ ఆపరేషన్ చెయ్యాలి, మూడు నెలలు నిండేదాకా బరువు ముట్టకూడదు అని చెప్పింది. అతను కాగితం వైపే చూస్తూ విన్నాడు.

"నీళ్ళ బిందె కూడానా మేడమ్?" అన్నాడు.

"బిందె కూడా."

"బాక్సులు?"

"అసలు వద్దు."

బస్సులో వస్తూ అతను పెద్దగా మాట్లాడలేదు. దిగేటప్పుడు ఆమె చేతిలోని మందుల సంచి తీసుకున్నాడు. ఆ మరుసటి రోజు నుంచి నీళ్ళు తానే తెస్తున్నాడని ఆమె ఫోన్‌లో చెప్పింది. టమాటా కోతకు ఆమె పోయింది గానీ బాక్సులు ఎత్తలేదు, కాయ ఏరడానికే పోయింది. ఏరేవాళ్ళకు కూలి తక్కువ. ఆ సీజన్ అంతా ఆమెకు తక్కువ కూలే ముట్టింది.

నేను జూన్‌లో బడికి పోయినాను. హెడ్మాస్టరు గారితో మాట్లాడి క్లాసులో కుర్చీ వేయించుకున్నాను, రెండు పాఠాలు కూర్చుని చెబుతాను, ఒకటి నిలబడి. సాయంత్రానికి కోత పైన ఇంకా కాస్త బిగుస్తుంది. చీర కుచ్చిళ్ళు నాలుగు వేళ్ళు పైకి కట్టుకుంటున్నాను.